రొయ్యలు పడని ఏడో మనిషి

పోయిన వారం కథలో కొరీన్‌ని లాంటర్న్ లేక్ పార్కు గేటు దగ్గర వదిలాం. ఖాళీ చేతులతో ఆ గేటు దాటడం పద్ధెనిమిదేళ్లలో ఆమెకు అదే మొదటిసారి. రోయిస్‌ని చేసుకుని ప్రూయిట్ల కుటుంబంలోకి వచ్చినప్పటి నుంచీ, ఏటా మే నెల చివరి శనివారం అత్తగారు ఆర్లీన్ పుట్టినరోజుకి అందరూ ఇక్కడికే వస్తున్నారు. తొమ్మిదింటికి సరస్సు మీద జరిగే దీపాల ప్రదర్శన చూస్తారు. అది బాగా కనబడాలంటే నాలుగింటికల్లా వెళ్లి రెయిలింగ్ పక్కన టార్పాలిన్ పరుచుకుని, ఆ చోటు ఎవరూ ఆక్రమించకుండా కూర్చోవాలి. కూర్చునేది కొరీన్. మిగతావాళ్లు తిరిగి, తిని, ఎనిమిదిన్నరకి వచ్చి ఆమె కాపాడిన చోట్లో నిలబడతారు. ఆమెకి కాగితం సంచిలో ఏదో ఒకటి తెచ్చిపెడతారు. అది వచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది.

ఈసారి అలా కాదు. సరిగ్గా అరవై రోజుల కిందట, పొద్దున్న ఆరింటికి బుకింగ్ తెరుస్తారని అలారం పెట్టుకుని లేచి, రోయిస్ పార్కులోని హెరాన్ హౌస్ హోటల్లో రాత్రి భోజనం, దాని డాబా మీద ప్రదర్శన చూసేందుకు కుర్చీలు కలిపి ఏడుగురికి తీసుకున్నాడు. తన చొక్కా తను వెతుక్కోవడం రాని మనిషి! కొరీన్ మనసు కరిగిపోయింది. తను నడిపే స్కూలు బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయాకి రెండు సార్లు చెప్పుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. కూతురు బ్రియెల్‌తో రెండేళ్లుగా తిరుగుతున్న అన్సెల్మో ఆ బుకింగ్‌కి ముందే ఒకరోజు కొరీన్ వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. "ఆ రాత్రి సరస్సు మధ్యకి మంటల పడవలు వచ్చినప్పుడు మోకాలి మీద కూర్చుని అడుగుతానాంటీ. మీరు సరేనంటేనే. తనకి మీ నవ్వే వచ్చింది" అన్నాడు. బ్రియెల్‌ని కొరీన్ కనలేదు. రోయిస్ మొదటి భార్య షెరిలిన్ మూడేళ్ల పిల్లని వదిలేసి వెళ్లిపోతే, ఐదో ఏట నుంచి పెంచింది. ఈ కుర్రాడికి ఆ సంగతి తెలుసో లేదో అని అప్పుడే అనుమానం వచ్చింది. కానీ ఆ మాట వినడం ఎంత బాగుందంటే, అడగబుద్ధి కాలేదు.

*

హెరాన్ హౌస్ ముందు నిలబడ్డ అమ్మాయి ఛాతీ మీద తేషా అని పేరు ఉంది. చేతిలో పలకలాంటి కంప్యూటర్ పట్టుకుని, "ప్రూయిట్ గారు, ఏడుగురు. ఒకసారి పేర్లు చదువుతాను సార్" అంది.

"పేర్లెందుకమ్మా, అందరం వచ్చాం కదా" అన్నాడు రోయిస్ తొందరగా. "ఇద్దరు పిల్లలు పడవ ఎక్కే వరసలో ఉన్నారు. వాళ్లవి కూడా నాకే ఇచ్చెయ్."

తేషా ఏడు నీలం పట్టీలు లెక్కపెట్టి ఇచ్చింది. అవి చేతికి ఉంటేనే ప్రదర్శన వేళ డాబా మీద ఉండనిస్తారు. రోయిస్ తనే కొరీన్ చేతికి ఒకటి బిగించాడు. అంతమంది ముందు అతను ఆమె చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో.

మధ్యాహ్నం పడ్డ వానకి డాబా ఇంకా తడిగానే ఉంది. పొడుగు ముక్కుల తెల్ల కొంగలు రెండు కుర్చీల కాళ్ల మధ్య దర్జాగా తిరుగుతూ, కింద పడ్డ వేపుడు ముక్కలు ఏరుకుంటున్నాయి. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. కొరీన్ వేలితో దాన్ని తడిమి చూసుకుంది.

"ఆ దీపస్తంభం పక్క కుర్చీలో నువ్వు కూర్చో కొరీన్. నువ్వయితే సన్నగా ఉంటావు, సరిపోతావు" అంది ఆడబిడ్డ పాలెట్. ఆ కుర్చీలోంచి చూస్తే సరస్సు సగం స్తంభానికే పోతుంది.

"పరవాలేదులే వదినా. గాలి దక్షిణం నుంచి వస్తోంది, ఇవాళ మంటల పొగ మన మీదికి రాదు" అంది కొరీన్. నిజంగానే పరవాలేదనిపించింది. కుర్చీ కుర్చీయే కదా.

పాలెట్ భర్త వెర్న్ తీపి టీ గ్లాసు పైకెత్తాడు. "చూశావా చెల్లెమ్మా, నువ్వు కూర్చున్నావు, కొంగలు నిలబడ్డాయి. కలికాలం!"

ఆర్లీన్ కూడా నవ్వింది. డెబ్భై ఎనిమిదేళ్లు నిండిన రోజున ముత్యాల రంగు జాకెట్టు వేసుకుని, జుట్టు చెక్కుచెదరకుండా దువ్వించుకుని వచ్చింది. "అందరూ సుఖంగా కూర్చోండర్రా. ఇవాళ ఎవరూ ఎవరికోసమూ లేవక్కర్లేదు" అంది.

అప్పుడే వంటగది తలుపు తోసుకుని, తెల్లకోటు వేసుకున్న పొడుగాటి నల్లజాతి పెద్దమనిషి ఒకాయన వాళ్ల బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"ప్రూయిట్ గారి బల్ల ఇదే కదండీ? నా పేరు ఒడెల్. వంటగది నేను చూస్తాను. మీలో రొయ్యలూ పీతలూ పడనిది ఎవరికి?"

పాలెట్ భర్త వైపు చూసింది.

"నాకు పడనిది మా ఆవిడ వంట ఒక్కటే" అన్నాడు వెర్న్.

"నవ్వే సంగతి కాదు సార్." ఒడెల్ మర్యాదగానే అన్నాడు. "పడని తిండి ఉన్నవాళ్లతో నేనే స్వయంగా వచ్చి మాట్లాడాలి, అది ఇక్కడి పద్ధతి. ఏడో అతిథి, ఆడవారు, రొయ్య తగిలితే గొంతు వాస్తుందని రాసి ఉంది. బుధవారం మీ ఇంట్లోంచి ఒక పెద్దావిడ ఫోన్ కూడా చేశారు. వేపుడు నూనె వేరేగా పెడతారా లేదా అని మూడుసార్లు అడిగారు. అందుకే మీ బల్లకని వేరే మూకుడు పెట్టించాను. ఆవిడెవరో చూపిస్తే ఆవిడ పళ్లెం నా చేత్తో తెస్తాను."

ఆర్లీన్ నీళ్లగ్లాసు మీద పట్టిన చెమ్మని చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టింది.

కొరీన్ బల్ల చుట్టూ చూసింది. పాలెట్‌కి అన్నీ పడతాయి. ఆర్లీన్ మొన్న ఆదివారం కూడా పళ్లెం నిండా రొయ్యలు తింది. వాటిని ఆవిడకి ఒలిచిపెట్టింది తనే. వేళ్లకి రెండు రోజులు వాసన పోలేదు. బ్రియెల్ చిన్నప్పటి నుంచీ వాటికోసం దెబ్బలాడే పిల్ల. మరి రొయ్యలు పడని మనిషి ఎవరు?

జ్ఞాపకం వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు రొయ్యలు ఉడకబెడుతుంటే వెనక నిలబడి అత్తగారు అన్న మాట. "ఈ ఇంట్లో ఈ వాసన వచ్చి ఎన్నాళ్లయిందో. షెరిలిన్ ఉన్న రోజుల్లో గుమ్మం లోపలికి రానిచ్చేదాన్ని కాదు. పాపం దానికి పడవు."

"అదేదో పొరపాటండీ" అంటున్నాడు రోయిస్. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ కంప్యూటర్లో ఏదో నొక్కబోయి ఏదో నొక్కి ఉంటాను. మీరు మామూలుగానే..."

"ఉండు రోయిస్." కొరీన్ ఒడెల్ వైపు తిరిగింది. "ఏడో మనిషిని నేనేనండీ. ఆ కాగితంలో నా పేరు ఏమని ఉంది?"

ఒడెల్ కాగితం విప్పాడు. అతనికీ ఏదో అర్థమవుతున్నట్టుంది. చదవాలా వద్దా అన్నట్టు ఒక్కక్షణం ఆగి, "షెరిలిన్ గారని ఉందమ్మా. మీరేనా?" అన్నాడు.

"కాదు" అంది కొరీన్. "నాకు అన్నీ పడతాయి."

అతను తలవంచుకుని కాగితం మళ్లీ మడతపెట్టాడు. "అయితే ఆ మూకుడు దింపెయ్యమంటాను" అని నెమ్మదిగా చెప్పి, కొంగలు అడ్డంరాకుండా పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.

*

ముందుగా నోరు తెరిచింది పాలెట్. "ఇంత చిన్నదానికి ఆ మనిషి అంత రాద్ధాంతం చెయ్యాలా?"

"ఆయన ఏం చేశాడు వదినా? తన పని చేశాడు" అంది కొరీన్. గొంతు తనకే కొత్తగా వినబడింది. "రోయిస్, నువ్వు చెప్పు."

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇక్కడే. నా కుర్చీ ఇక్కడే కదా ఉంది. అది నాదో కాదో తెలుసుకోవద్దూ?"

రోయిస్ తల్లి వైపు చూశాడు. యాభై దాటినా మాట తడబడితే అటే చూస్తాడు. ఆర్లీన్ చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టింది.

"వాణ్ణి అడుగుతావేం? నేనే చెయ్యమన్నాను" అంది. "బ్రియెల్ ఏడాదిగా దాన్ని కలుస్తోంది. పక్క ఊళ్లో, లీస్‌బర్గ్‌లో, పాన్‌కేకులు అమ్మే చోట. నీకు తెలియదు. పిల్ల చెప్పొద్దంది. అన్సెల్మో ఇవాళ అడుగుతాడని రోయిస్ ద్వారా తెలియగానే నాకు అనిపించింది, పెళ్లిమాట అనుకునే వేళ కన్నతల్లి ఎదురుగా ఉండాలని. నేను ముసల్దాన్ని, నాకలా అనిపించింది. తప్పయితే తప్పే."

"కన్నతల్లి ఉండాలన్నది తప్పని నేను అన్నానా అత్తయ్యా? ఏడుగురిని లెక్కపెట్టారు కదా. అందులో నన్ను ఎక్కడ పెట్టారు?"

జవాబు చెప్పింది వెర్న్. అతనికి మనసులో ఏదీ దాగదు. తాగినా తాగకపోయినా అంతే.

"నువ్వు ఎప్పట్లాగే రెయిలింగ్ దగ్గరుంటావు కదా అనుకున్నాం చెల్లెమ్మా. నిజం చెప్పొద్దూ, నాకసలు తట్టనే లేదు. భోజనానికి ఎంతమంది అంటే... నువ్వు ఏనాడూ ఇక్కడ భోజనానికి కూర్చోలేదు కదా."

"నోరు ముయ్యి వెర్న్" అంది పాలెట్.

"ఎందుకు ముయ్యాలి? అన్నయ్యగారొక్కరే నిజం చెప్పారు" అంది కొరీన్.

కోపంతో వదిలెయ్యలేదు, కక్షతో తీసెయ్యలేదు. లెక్కలోకే రాలేదు. పద్ధెనిమిదేళ్లు చోటు కాపాడే మనిషి బల్ల దగ్గర ఉండదు. అది వాళ్లకి అలవాటైపోయింది. ఎవరైనా తనని ద్వేషించి ఉంటే బాగుండేదనిపించింది కొరీన్‌కి. ద్వేషించాలన్నా ఒక మనిషి ఉందని గుర్తుండాలి.

"మరి నాకు పట్టీ ఎలా వచ్చింది?" అని అడిగింది.

రోయిస్ ఈసారి తనే చెప్పాడు, బల్ల గుడ్డ మీద వేలితో గీతలు గీస్తూ. "షెరిలిన్ గురువారం ఫోన్ చేసి, రానంది. ధైర్యం చాలడంలేదంది. పేరు మార్చుదామని చూశాను. ఒక్క పేరు మార్చాలన్నా మొత్తం రద్దు చేసి మళ్లీ కొత్తగా తీసుకోవాలట. అప్పటికే అన్నీ నిండిపోయాయి. పోనీలే, ఎవరు చూస్తారు, ఆ పేరు మీదే నువ్వు కూర్చుంటావు, నువ్వూ ఒక్కసారి సుఖంగా చూస్తావు అనుకున్నాను. మంచిదే కదా? చివరికి అందరికీ మంచే జరిగింది కదా?"

"గురువారం."

"ఆఁ."

గురువారం సాయంత్రం బ్రియెల్ వచ్చి తన గదిలో బోర్లా పడుకుని ఏడ్చింది. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారంది. కొరీన్ పక్కన కూర్చుని గంటసేపు వీపు నిమిరింది. వేడినీళ్లతో తలంటింది. నిమ్మకాయతో తీపి 'పై' కాల్చి పెట్టింది. ఏడుపు ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది.

"రెండు నెలలు రోయిస్. ఒకే మంచం మీద పడుకున్నాం. 'ఏడుగురికి తీసుకున్నాను' అంటే నేను నీకు కాఫీ కలిపిచ్చాను. సంతోషంతో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా, అందులో నువ్వు లేవని?"

"చెప్పాలనే అనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా..."

"నా సంతోషం చూసి చెప్పలేకపోయావా?" కొరీన్ నవ్వింది. "పోనీ, నా సంతోషానికి ఒక పనైనా దొరికింది."

ఆర్లీన్ గొంతు తగ్గించింది. "పక్క బల్లవాళ్లు చూస్తున్నారు కొరీన్. ఇవాళ నా పుట్టినరోజు."

"తెలుసత్తయ్యా. కేకు నేనే చేశాను."

*

పిల్లలిద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చారు. పడవలో నీళ్లు చిమ్మి అన్సెల్మో చొక్కా సగం తడిసింది. వస్తూనే అందరికీ చేతులు కలిపి, కొరీన్ దగ్గరికి వచ్చి వంగి బుగ్గ మీద ముద్దు పెట్టాడు. "ఆంటీ, నా గుండె డోలులా కొట్టుకుంటోంది" అన్నాడు చెవిలో. ఆమె అతని తడి భుజం తట్టింది.

బ్రియెల్ కూర్చోలేదు. చేతిలో ఫోన్ గట్టిగా పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది. తండ్రి ముఖమూ నానమ్మ ముఖమూ చూసి, ఇక్కడేదో జరిగిందని గ్రహించింది. "అమ్మా, ఒక్కసారి ఇలా రావా?" అని కొరీన్‌ని డాబా మూలకి తీసుకెళ్లింది. అక్కడ మడిచిపెట్టిన గొడుగులు, దొంతర పెట్టిన ట్రేలు ఉన్నాయి.

"నీకు తెలిసిపోయిందా?" అంది.

"వంటాయన చెప్పాడు."

బ్రియెల్‌కి అర్థంకాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఫోన్ వైపు చూసుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అంది.

"మా అమ్మ వస్తోందమ్మా."

కొరీన్ ఆ వాక్యాన్ని విన్నది. అందులో రెండుసార్లు వచ్చిన ఆ మాటని విన్నది. మొదటిది ఎవరిదో, రెండోది ఎవరిదో పిల్లకి తేడా తెలియకుండానే వచ్చేశాయి. దానికి అది మామూలు మాట.

"రానంది కదా?"

"మనసు మార్చుకుంది. గేటు దగ్గరుంది. ప్రదర్శన వేళకి ఇక్కడుంటుంది. నా చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని ఈ ప్రదర్శన చూపించేదట. నాకేం గుర్తులేదు. ఒక్కసారి తనతో చూడాలనుంది అమ్మా, ఒక్కసారే. కానీ కుర్చీలు ఏడే. ఇంకోటి వెయ్యరట, అడిగాను, నిప్పు ప్రమాదాల నియమమట." పెదవి కొరుక్కుంది. "ప్రదర్శన అరగంటే. నువ్వు... ఆ అరగంట కింద రెయిలింగ్ దగ్గర నిలబడతావా? నీకు అక్కడే ఇష్టం కదా?"

"నాకు అక్కడ ఇష్టమని ఎవరు చెప్పారు?"

"ఎప్పుడూ అక్కడే ఉంటావు కదా."

"ఉంటే ఇష్టమేనా?"

"నువ్వెప్పుడూ కాదనలేదు."

అదీ నిజమే. కొరీన్ పిల్ల ముఖంలోకి చూసింది. జ్వరం వచ్చిన రాత్రులు, ఊడిన పళ్లు, మొదటిసారి బ్రా కొనడానికి వెళ్లి దుకాణంలో ఇద్దరూ నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చెయ్యడం. అంతా ఈ ముఖమే. గడ్డం మీద సొట్ట మాత్రం తనది కాదు, రోయిస్‌దీ కాదు.

"అన్సెల్మోకి చెప్పావా?" అని అడిగింది.

బ్రియెల్ తల దించుకుంది.

"ఏమనుకుంటున్నాడు అతను?"

"నువ్వే కన్నావనుకుంటున్నాడు. మన ఇంటికి వచ్చిన మొదటి రోజు, మీ అమ్మ నవ్వే నీకు వచ్చిందన్నాడు. నాకు చాలా బాగనిపించింది. కాదని చెప్పబుద్ధి కాలేదు. తర్వాత ఎప్పుడు చెప్పినా, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడని భయం. వాళ్ల నాన్నకి వేరే ఊళ్లో ఇంకో కాపురం ఉందని పదేళ్లు దాచారట వాళ్లింట్లో. అబద్ధం అంటే అతనికి ఒళ్లు మంట. ఇవాళ ప్రదర్శనకి ముందే చెప్పేద్దామనుకున్నా."

కొరీన్ కూడా ఆ నవ్వు మాటకే కరిగిపోయి నోరు మూసుకుంది కదా. తల్లీకూతుళ్లు ఒకే తీపికి పడిపోయారు.

"అయితే వెళ్లి చెప్పు" అంది. "ఆవిడ రాకముందే. ఈ మాట నువ్వు చెప్పాలి, బ్రియెల్. ఇంకెవరూ చెప్పకూడదు."

"చెబుతా. మరి కుర్చీ?"

"కుర్చీ ఇవ్వను."

బ్రియెల్ నమ్మలేనట్టు చూసింది. కోపం రాలేదు పిల్లకి, ఆశ్చర్యమే. గోడ మాట్లాడితే చూసినట్టు చూసింది.

"అమ్మా, ప్లీజ్."

"మీ నాన్న లేవొచ్చు. మీ అత్త లేవొచ్చు. ఇవాళ ఎవరూ ఎవరికోసమూ లేవక్కర్లేదని మీ నానమ్మ అంది, ఆవిడే లేవొచ్చు. ఏడుగురిలో నన్నొక్కదాన్నే అడగాలని నీకెందుకు తోచింది?"

కొరీన్ వెళ్లి దీపస్తంభం పక్కన తన కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. వేయించిన చేపా, మొక్కజొన్న పునుగులూ వచ్చాయి. ఆమె తిన్నది. వేడిగా ఉన్నాయి, రుచిగానే ఉన్నాయి. అందరికంటే ముందు ఆమె పళ్లెమే ఖాళీ అయింది.

బ్రియెల్ అన్సెల్మో పక్కన కూర్చుంది. రెండుసార్లు అతని చెయ్యి పట్టుకుని ఏదో మొదలుపెట్టింది. మొదటిసారి వెర్న్ అడ్డంగా జోకు వేశాడు. రెండోసారి ఎవరూ అడ్డం రాలేదు. అయినా ఆమె, "ఆ పునుగులు ఇటు ఇవ్వవా" అని ఊరుకుంది.

*

తొమ్మిదికి పది నిమిషాలుందనగా తేషా వచ్చింది. "క్షమించండి సార్. కింద ఒకావిడ వచ్చారు. షెరిలిన్ గారట. జాబితాలో ఆవిడ పేరు ఉంది, కానీ ఏడు పట్టీలూ నేను మీకే ఇచ్చేశాను. ప్రదర్శన మొదలయ్యాక మెట్లు మూసేస్తాం. ఆవిడని ఏం చెయ్యమంటారు?"

ఆవిడ కింద లేదు. తేషా వెనకే మెట్లెక్కి వచ్చేసింది. నాలుగు బల్లల అవతల నిలబడి ఉంది. మెడ దాకా గుండీలు పెట్టిన నీలం గౌను, చేతిలో ఆర్లీన్ కోసమో ఎవరికోసమో తెచ్చిన చిన్న పూలకుండీ. కొరీన్ ఆవిడని ఫొటోల్లో తప్ప చూడలేదు. ఫొటోల్లో పొగరుగా ఉండేది. ఇక్కడ మాత్రం పరీక్ష గదికి ఆలస్యంగా వచ్చిన పిల్లలా ఉంది.

రోయిస్ కదల్లేదు. ఆర్లీన్ చేతిరుమాలు విప్పి మళ్లీ మడిచింది. పాలెట్ సరస్సు వైపు తిరిగిపోయింది. చివరికి అన్సెల్మోనే లేచాడు, పెద్దవాళ్లు నిలబడి ఉంటే కూర్చోలేని కుర్రాడు. "ఎవరావిడ? నా కుర్చీ ఇస్తాను, నేను నిలబడతాలే" అని, మధ్యలో ఆగిపోయాడు.

డాబా దీపం ఆవిడ ముఖం మీద పడుతోంది. గడ్డం మీద సొట్ట స్పష్టంగా కనబడుతోంది.

అతను బ్రియెల్ వైపు తిరిగాడు. "ఎవరు?"

ఇప్పుడు చెబుతుంది, అనుకుంది కొరీన్. చెప్పక తప్పదు. అప్పుడు తన కుర్చీ ఉంటుందో పోతుందో కానీ, పిల్ల నిజం చెబుతుంది. అంతమాత్రం పెంచాను.

"నాన్నకి తెలిసినావిడ" అంది బ్రియెల్. పెదవుల మీద మర్యాద నవ్వు కూడా ఉంది. "ఎప్పుడో ఒకచోట పనిచేశారట. నాకంతగా తెలియదు."

గొంతు వణకలేదు. నాలుగు బల్లల దూరం ఏమంత దూరం కాదు. షెరిలిన్ విన్నది. పూలకుండీ రెండు చేతులతో పట్టుకుని, అవునన్నట్టు తలూపింది. అలా తలూపడం కొరీన్‌కి బాగా తెలుసు. పరవాలేదు, నేనిక్కడ నిలబడతాలే అనే తలూపు అది.

గెలిచినట్టు అనిపించాలి కదా. కుర్చీ తనదే, పిల్ల తనదే, కన్నతల్లి ఎవరో తెలిసినావిడ. కొరీన్‌కి అలా అనిపించలేదు. ఏడాదిగా రహస్యంగా కలుసుకుని, రానందని ఏడ్చి, అరగంట కోసం తనని లేవమన్న పిల్ల, ఆ మనిషిని ఒక్క వాక్యంలో తుడిచేసింది. ఇంత సులువుగా! అలా అయితే లీస్‌బర్గ్‌లో ఆ బల్ల దగ్గర, ఏడాదిగా, తన గురించి ఏమని చెప్పిందో.

అన్సెల్మో బ్రియెల్ ముఖం చూశాడు. షెరిలిన్ ముఖం చూశాడు. మళ్లీ బ్రియెల్‌ని చూశాడు. తర్వాత రోయిస్‌ని అడగలేదు, ఆర్లీన్‌ని అడగలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి కొరీన్ కుర్చీ పక్కన వంగాడు.

"ఆంటీ" అన్నాడు, మెల్లగా. "మీరు నాతో ఎప్పుడూ ఉన్నదున్నట్టే చెప్పారు. మీరు చెప్పండి. ఎవరావిడ?"

బల్ల అవతల నుంచి బ్రియెల్ కళ్లు ఆమెనే పట్టుకున్నాయి. చిన్నప్పుడు గాజుసామాను పగలగొట్టి, నాన్నకి చెప్పకమ్మా అని చూసేది. అదే చూపు.

సరస్సు చుట్టూ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. వేల గొంతులు ఒక్కటై అరిచాయి. ఆ చీకట్లో అన్సెల్మో చెయ్యి కొరీన్ మోచేతిని తాకి, జవాబు కోసం అలాగే ఆగింది.

కొరీన్ లేచి నిలబడింది. "అమ్మా, వద్దు" అంది బ్రియెల్.

"షెరిలిన్ గారూ" అని పిలిచింది కొరీన్, నాలుగు బల్లల అవతలికి వినబడేలా. "ఒకసారి ఇలా రండి. ఈ అబ్బాయి మిమ్మల్ని ఒక మాట అడుగుతున్నాడు."